తల తిరుగుట యంతయు పైత్యము కాదు

చేనిలో పనిచేయుచు తల తిరిగి కూలబడినవారికి మన గ్రామములలో జరుగు ఉపచారము సభ్యులెల్లరు ఎఱిగినదే. వడదెబ్బ యనియో, పైత్యమనియో నిర్ణయించి, నీడకు జేర్చి, మజ్జిగయో నిమ్మకాయ నీళ్లో నోట బోసి, సాయంకాలమువఱకు పండుకొనబెట్టుదురు. పెక్కుమారులు అదియే చాలును. కాని ఆ తలతిరుగుడులలో కొన్ని మెదడు వెనుకభాగమునకు నెత్తురు చాలక వచ్చునవి. అట్టివారికి మజ్జిగ మేలు చేయకపోగా కీడు చేయును. విత్తనములు, ఎరువుల గూర్చి వ్రాయు మేము ఈ నెల ఈ సంగతి చేపట్టుటకు కారణమిదియే.

మెదడునకు నెత్తురు నాలుగు కాలువలగుండ పాఱును. రెండు మెడకు ముందువైపున నున్నవి. వ్రేలు తాకించిన వాని నాడి తెలియును. తక్కిన రెండును చేతులకు బోవు పెద్ద ధమనులనుండి చీలి, మెడపూసలలోని రంధ్రములగుండ పైకెక్కి, పుఱ్ఱెలో ప్రవేశించిన పిమ్మట ఒకటిగా కలియును. చూపునకు ఆధారమైన వెనుకటి మెదడు, నడక తూలకుండ కాచు చిన్నమెదడు, ఊపిరికిని మ్రింగుటకును మూలమైన మెదడుకాండము, ఈ మూడును ముఖ్యముగా ఈ కాలువల ఆయకట్టే. నెత్తురు ఆగుటచే వచ్చు పక్షవాతములలో సుమారు అయిదవవంతు ఈ వెనుకటి ఆయకట్టునకు చెందినవి.

రక్తపోటు, మధుమేహము, చుట్టబీడీలు ధమనిగోడకు క్రొవ్వు పట్టించి దారి నిఱుకు చేయును. గుండె లయ తప్పినచో అందు గడ్డకట్టిన నెత్తురు కొట్టుకొనివచ్చి అడ్డుపడును. చిన్నవయసువారిలో మఱియొక కారణము కలదు: మెడ హఠాత్తుగా మెలిపడినపుడు ధమని లోపలిపొర చిరుగుట. క్షౌరము ముగిసినపిదప మెడను పుటుక్కున విఱిపించుకొను అలవాటు మనవారిలో మెండు. మెడను అట్లు త్రిప్పించుకొన్నపిదప ధమని చిరిగినవారిని గూర్చి వైద్యులు వ్రాసియున్నారు. తప్పు విఱుచువానిది గాదు, విఱువుమని తల యొగ్గువారిదే. దానిని మానుట మేలు.

నీటిపారుదల యెఱిగినవారికి ఆసక్తి కలిగించు సంగతి యొకటి. ఎడమచేతి ధమని, మెడకాలువ చీలకముందే, మొదట ఇఱుకైనచో, చేయి పనిచేయునపుడు వలసిన నెత్తురును మెదడునకు పోవలసిన కాలువనుండి వెనుకకు లాగికొనును. పైతూము పూడిన బోదె ప్రక్కబోదెనుండి ఎదురు పాఱించుకొన్నట్లే. కొందఱికి చేయి ఆడించినపుడు తల తిరుగును. 1961లో ఫిషర్ అను వైద్యుడు దీనికి దొంగతనమను నర్థమిచ్చు పేరు పెట్టెను. రెండు చేతులందును రక్తపోటు కొలిచి చూచిన దీని జాడ దొరకును.

ముఖము వంకరపోవుట, చేయి పడిపోవుట పక్షవాతపు గుర్తులని చాలమంది నేర్చిరి. వెనుకటి కాలువ పూడినపుడు ముఖమును చేయియు బాగుగనే యుండవచ్చును. పడకపై ప్రక్కకు ఒత్తిగిలినపుడు కొన్ని క్షణములు గిఱ్ఱున తిరిగి తగ్గునది సాధారణముగా చెవిలోని దోషము. అకస్మాత్తుగా తల తిరుగుటతోబాటు ఒకటి రెండుగా కనబడుట, చూపు సగము పోవుట, మాట ముద్దగా వచ్చుట, మ్రింగుడు పడకుండుట, ఊత లేనిదే నిలువలేకుండుట, వీనిలో ఒక్కటి తోడైనను ఊరకుండరాదు. తూలువానిని త్రాగెనని నవ్వి విడిచిపెట్టుటయు కలదు. మ్రింగలేనివారి నోట పోసిన మజ్జిగ ఊపిరితిత్తులలోనికి పోవును. ఆస్పిరిను బిళ్ల యింట వేయరాదు. కాలువ పూడెనో, తెగి నెత్తురు చిమ్మెనో ఫొటో తీయనిదే తెలియదు. పురుగుమందు కొట్టుచు తల తిరిగి, చొంగ కారి, కంటిపాప సూదిమొనయంత యైనచో అది విషము. మందుడబ్బాతో సహా ఆసుపత్రికి జేర్పవలయును.

108కు ఫోను చేసి, గుర్తులు ఎన్ని గంటలకు మొదలైనవో చెప్పవలయును. ఎవరును చూడనిచో, రోగిని బాగుగ నుండగా కడపట చూచిన వేళ చెప్పవలయును. గడ్డను కరగించు మందు సామాన్యముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలసినది. పెద్దకాలువ పూడినచో ధమనిలోనికి సన్నని గొట్టము పంపి గడ్డను లాగివేయు పద్ధతి పెద్ద ఆసుపత్రులలో కలదు. 2022లో ప్రకటింపబడిన చీనాదేశపు రెండు పరీక్షలలో, అట్లు చికిత్స పొందినవారిలో మూడు నెలలకు నూటికి 46 మంది ఒకరి యూత లేక నడువగలవారైరి. మందులతోనే చికిత్స జరిగినవారిలో 23, 24 మంది మాత్రమే. మొదటి సీటీ ఫొటోలో వెనుకటి మెదడు దెబ్బ తఱచు కనబడదు. ఏమియు లేదన్నను, తూలుట తగ్గనిచో ఎమ్మారై ఫొటో అవసరమాయని అడుగుటకు సంకోచింపరాదు.

పది నిముషములలో అన్నియు సర్దుకొన్న రోగి మరల పనికి దిగజూచును. తరువాతి కొద్ది దినములలోనే పెద్ద పక్షవాతము వచ్చు భయము హెచ్చు గనుక, ఆనాడే వైద్యునకు చూపవలయును. అంతవఱకు బావిలోనికి దిగనీయరాదు, ట్రాక్టరు తోలనీయరాదు, ఒంటరిగా విడువరాదు.