సూదిమొన – వ్యసనం

1972లో హాంకాంగ్‌లోని క్వాంగ్ వా ఆసుపత్రిలో వెన్ అనే మెదడు శస్త్రచికిత్సా నిపుణుడు ఒక కొత్త ప్రయత్నంలో ఉన్నాడు. శస్త్రచికిత్స వేళ నొప్పి తెలియకుండా చేయడానికి ఆక్యుపంక్చర్ ఎంతవరకు ఉపకరిస్తుందో తెలుసుకోవాలని ఆయన సంకల్పం. రోగి చేతికీ చెవికీ సన్నని సూదులు గుచ్చి, వాటి గుండా స్వల్పంగా విద్యుత్తును ప్రసరింపజేసేవాడు. ఆ రోగులలో కొందరు నల్లమందుకు బానిసలైనవారు. సూదులు గుచ్చిన తరువాత వారు వైద్యుడు అడగని సంగతి ఒకటి చెప్పారు. మందు కావాలన్న తపన తగ్గిందట! మరొకరైతే ఆ మాటను విని ఊరుకొనేవారేమో. వెన్ ఊరుకోలేదు. 40 మంది వ్యసనపరులను పరిశీలించి 1973లో ఆ ఫలితాలను ప్రచురించాడు.

ఇది ఎలా సాధ్యం? 1975లో అబర్డీన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు హ్యూస్, కాస్టర్లిట్జ్‌లు మెదడులోనే నల్లమందు వలె పనిచేసే ఎన్‌కెఫలిన్ అనే పదార్థాలు సహజంగా పుడతాయని కనుగొన్నారు. హెరాయిన్, మార్ఫిన్ వంటివి బయటినుండి వచ్చి ఆ పదార్థాల స్థానాలను ఆక్రమిస్తాయి. మెదడు వాటికి అలవాటుపడుతుంది. మందు హఠాత్తుగా ఆగిపోతే ఒళ్లు నొప్పులు, వాంతులు, ముక్కు కారడం, నిద్రలేమి మొదలైన బాధలు చుట్టుముడతాయి. సూదుల ద్వారా విద్యుత్తును పంపినప్పుడు శరీరంలోని ఈ సహజ పదార్థాలు విడుదలవుతాయని బీజింగ్‌లో హాన్ జిషెంగ్ దీర్ఘకాలం పరిశోధించి చూపాడు. అంటే సూది బాధను తగ్గించగలదనడానికి కొంత ఆధారమున్నది.

న్యూయార్కులోని దక్షిణ బ్రాంక్స్ పేదల ప్రాంతం. హెరాయిన్ అక్కడ ఇంటింటినీ పీల్చి పిప్పిచేసింది. చికిత్స కావాలంటూ ప్రజలు లింకన్ ఆసుపత్రిలో ఒక భాగాన్ని ఆక్రమించగా 1970లో అక్కడ వ్యసన విముక్తి కేంద్రం ఏర్పడింది. మొదట మెథడోన్ ఇచ్చేవారు. 1974లో ఆక్యుపంక్చర్ వచ్చి చేరింది. మైకేల్ స్మిత్ అనే వైద్యుడు విద్యుత్తును విడిచిపెట్టి, చెవిపై 5 చోట్ల సూదులు గుచ్చే పద్ధతిని రూపొందించాడు. వాటిలో మూడింటికి మూత్రపిండం, కాలేయం, ఊపిరితిత్తి అని పేర్లు. పేర్లను చూసి ఆ అవయవాలు చెవిలో ఉన్నాయని భ్రమపడరాదు. ఖర్చు తక్కువ కావడంతో ఈ పద్ధతి దేశదేశాలకు వ్యాపించింది. రుజువులు మాత్రం అంత వేగంగా రాలేదు.

2002లో అమెరికాలో 620 మంది కొకైన్ వ్యసనపరులపై జరిగిన పరీక్షా ఫలితాలు వెలువడ్డాయి. వారిని మూడు వర్గాలుగా విభజించి 8 వారాలు చికిత్స చేశారు. మొదటి వర్గానికి నిర్దేశించిన చోట్ల సూదులు గుచ్చారు. రెండవ వర్గానికి సంబంధం లేని చోట్ల గుచ్చారు. మూడవ వర్గానికి సూదులే లేవు, మనసుకు విశ్రాంతినిచ్చే దృశ్యాలు చూపించారు. మూడు వర్గాలలోనూ కొకైన్ వాడకం తగ్గింది, కాని వర్గాల మధ్య భేదం కనిపించలేదు! రోగికి మేలు చేసినది సూదిమొన కాక, రోజూ ఒకచోటికి రావడం, పలకరించే మనిషి ఉండడం కావచ్చునని నాకు తోస్తున్నది.

ఇక, మాదకద్రవ్యాల వల్ల చెడిన మెదడును సూదులు బాగుచేస్తాయని కొందరు ప్రచారం చేస్తారు. బాధను తగ్గించడం వేరు, చెడినదాన్ని బాగుచేయడం వేరు. మోతాదు మించి హెరాయిన్ తీసుకున్నవాడికి శ్వాస మందగిస్తుంది. ప్రాణవాయువు అందక నాడీకణాలు మరణిస్తాయి. వాటిని సూదులు బ్రతికిస్తాయనడానికి రుజువు లేదు. ఆ ఆశ చూపి, నిరూపితమైన మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ వంటి ఔషధాలను మాన్పించడం రోగి ప్రాణంతో చెలగాటమాడడమే.

మెదడు తనంతట తాను కొంత కోలుకోగలదు. మెథాంఫెటమిన్ అనే మత్తుపదార్థాన్ని ఏడాది, అంతకు మించి మానివేసిన 5గురి మెదళ్లను నోరా వోల్కో బృందం చిత్రీకరించి, 2001లో ఫలితాలను ప్రకటించింది. డోపమైన్ అనే రసాయనాన్ని తిరిగి గ్రహించే కణభాగాలు చాలావరకు పెరిగాయి. కాని జ్ఞాపకశక్తి, అవయవాల చురుకుదనం పరీక్షలలో ఆ మేరకు మెరుగుదల కనిపించలేదు.