మాస్టర్ డ్యుయెల్‌లో మార్ష్‌మాలన్: డిఫెన్స్ 500 మాత్రమే, అయినా గోడలా ఎలా నిలబడుతుంది?

యు-గి-ఓ! మాస్టర్ డ్యుయెల్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు డిఫెన్స్ కార్డు వెతికేటప్పుడు ముందు చూసేది నంబరే. బిగ్ షీల్డ్ గార్డ్నాకి 2600 డిఫెన్స్, లాబిరింత్ వాల్‌కి 3000. చూడటానికి బాగానే ఉంటాయి. కానీ లాబిరింత్ వాల్ లెవెల్ 5 కాబట్టి దాన్ని దించాలంటే ఒక మాన్‌స్టర్‌ని ట్రిబ్యూట్ ఇవ్వాలి. బిగ్ షీల్డ్ గార్డ్నా ఏమో 3000 అటాక్ ఉన్న బ్లూ ఐస్ వైట్ డ్రాగన్ వచ్చిందంటే ఒక్క దెబ్బకే పోతుంది. నంబర్‌తో కట్టిన గోడకి ఎప్పుడైనా అంతకంటే పెద్ద నంబర్ వస్తుంది. నాకు నచ్చేది రూల్‌తో కట్టిన గోడ.

మార్ష్‌మాలన్ అలాంటిదే. లెవెల్ 3, అటాక్ 300, డిఫెన్స్ 500. అనిమే చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, చివరి డ్యుయెల్‌లో యుగి ఫారోకి ఎదురుగా ఆడిన గులాబీ రంగు ముద్ద. ఈ కార్డులో రెండు విషయాలున్నాయి. ఒకటి, బ్యాటిల్‌లో ఇది డిస్ట్రాయ్ అవ్వదు. రెండోది, డ్యామేజ్ స్టెప్ మొదలయ్యే టైంకి ఇది ఫేస్-డౌన్‌లో ఉండి, దీని మీద అటాక్ వస్తే, అటాక్ చేసిన ప్లేయర్‌కి 1000 డ్యామేజ్ పడుతుంది.

లెక్క చూద్దాం. అవతలివాడి దగ్గర 2500 అటాక్ ఉన్న మాన్‌స్టర్లు మూడు ఉన్నాయి, మీ ఫీల్డ్ ఖాళీ. మూడూ డైరెక్ట్‌గా కొడితే 7500 పోతుంది, 8000లో మీకు మిగిలేది 500. అదే ఒక మార్ష్‌మాలన్ సెట్ చేసి ఉంటే? మొదటి అటాక్‌కి అది తెరుచుకుంటుంది, మీకు డ్యామేజ్ సున్నా, వాడికి 1000 పోతుంది. మిగతా రెండు మాన్‌స్టర్లతో మళ్లీ దాన్నే కొట్టాలి, కొట్టినా ఏమీ జరగదు. ఒక్క కార్డు 7500ని ఆపేసింది.

అందుకే దీన్ని ఎప్పుడూ సెట్ చెయ్యాలి, సమ్మన్ చెయ్యకూడదు. ఫోన్‌లో కార్డు నొక్కగానే రెండు ఆప్షన్లూ పక్కపక్కనే వస్తాయి, కంగారులో వేలు జారడం తేలిక. అటాక్ పొజిషన్‌లో ఉన్నా ఇది చావదు నిజమే, కానీ తేడా డ్యామేజ్ మీకే పడుతుంది. 3000 మాన్‌స్టర్ కొడితే 2700 ఎగిరిపోతుంది.

సెట్ చెయ్యడంలో ఇంకో లాభం కూడా ఉంది. ఇన్ఫినిట్ ఇంపర్మనెన్స్ లాంటి కార్డులు ఫేస్-అప్ మాన్‌స్టర్‌నే టార్గెట్ చేస్తాయి. మార్ష్‌మాలన్ బోర్లా ఉన్నంతసేపు వాటికి దొరకదు. తెరుచుకున్నాక మాత్రం పరిస్థితి మారుతుంది: ఎఫెక్ట్‌ని నెగేట్ చేస్తే అది ఉత్త 500 డిఫెన్స్ కార్డు, ఏ చిన్న మాన్‌స్టర్ అయినా చంపేస్తుంది.

ఇక్కడే నాకు ఇష్టమైన పార్ట్‌నర్ వస్తుంది, బుక్ ఆఫ్ మూన్. ఫేస్-అప్ మాన్‌స్టర్ ఒకదాన్ని ఫేస్-డౌన్ డిఫెన్స్‌లోకి తిప్పే క్విక్-ప్లే స్పెల్ ఇది. సెట్ చేసి పెట్టుకుంటే అవతలివాడి టర్న్‌లో కూడా వాడొచ్చు. మార్ష్‌మాలన్ ఇప్పటికే తెరుచుకుని ఉంది, వాడు ‘ఇక డ్యామేజ్ లేదు కదా’ అని నెగేట్ చేసి మరీ అటాక్ డిక్లేర్ చేశాడనుకోండి. అప్పుడు బుక్ ఆఫ్ మూన్ వెయ్యండి. కార్డు బోర్లా పడుతుంది, వాడి నెగేషన్ పోతుంది, డ్యామేజ్ స్టెప్‌కి ఫేస్-డౌన్‌లో ఉంది కాబట్టి మళ్లీ 1000. వాడు ఖర్చు పెట్టిన ఇంపర్మనెన్స్ వేస్ట్. (స్క్రీన్ మీద ఉన్న టాగిల్ బటన్ ఆఫ్‌లో ఉంటే ఈ ఛాన్స్ గేమ్ మిమ్మల్ని అడగదు. ఆన్‌లో పెట్టండి. చిన్న చిన్న ఆగుళ్లు వచ్చి అవతలివాడికి అనుమానం రావచ్చు, పర్లేదు.)

చాలా డెక్ లిస్టుల్లో మార్ష్‌మాలన్ పక్కన మెసెంజర్ ఆఫ్ పీస్, గ్రావిటీ బైండ్ కనిపిస్తాయి. నాకు ఇది అస్సలు అర్థం కాదు. మొదటిది 1500, అంతకంటే ఎక్కువ అటాక్ ఉన్నవాటిని ఆపుతుంది, రెండోది లెవెల్ 4, ఆపైవాటిని. అవతలివాడు అటాకే చెయ్యలేకపోతే ఆ 1000 డ్యామేజ్ ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఎక్సీజ్, లింక్ మాన్‌స్టర్లకి లెవెలే ఉండదు, గ్రావిటీ బైండ్ వాటిని పట్టదు. బదులుగా బ్యాటిల్ మేనియా చూడండి. వాడి స్టాండ్‌బై ఫేజ్‌లో యాక్టివేట్ చేస్తే, అప్పటికి ఫీల్డ్‌లో ఫేస్-అప్‌లో ఉన్న వాడి మాన్‌స్టర్లన్నీ ఆ టర్న్ అటాక్ చేసి తీరాలి. తెలివైనవాడు సెట్ కార్డుని ముట్టుకోడు కదా, వాడిని బలవంతంగా ముట్టుకునేలా చేస్తుంది.

ఇక బలహీనతలు. రైగెకి, డార్క్ హోల్ లాంటివి ఎఫెక్ట్‌తో డిస్ట్రాయ్ చేస్తాయి, అక్కడ ‘బ్యాటిల్‌లో చావదు’ అన్న మాట పనికిరాదు. కైజూలు దీన్ని ట్రిబ్యూట్ చేసి తినేస్తాయి. పియర్సింగ్ ఉన్న 2500 మాన్‌స్టర్ కొడితే 2000 మీకు పడుతుంది, కార్డు మాత్రం నవ్వుతూ అక్కడే ఉంటుంది. ఇంకొక ఖర్చు చాలామంది లెక్కలో వేసుకోరు: సెట్ చేస్తే ఆ టర్న్ నార్మల్ సమ్మన్ అయిపోయినట్టే. నార్మల్ సమ్మన్‌తో కాంబో మొదలయ్యే డెక్‌లో దీన్ని పెడితే మీ కాళ్లకి మీరే అడ్డం పడతారు.

అందుకే నా అభిప్రాయం ఇది. బ్రాంజ్, సిల్వర్‌లలో మార్ష్‌మాలన్ బాగా పనిచేస్తుంది, అక్కడ ఎక్కువమంది అటాక్ మీదే ఆధారపడతారు. ప్లాటినం దాటాక ప్రతి డెక్‌లోనూ బ్యాటిల్ లేకుండా కార్డులు తీసేసే దారి ఉంటుంది, అక్కడ దీన్ని నమ్ముకుని వెళ్లొద్దు. ఎక్కడ ఆడినా ఇది కొనిపెట్టేది ఒక్క టర్నే, ఆ టర్న్‌లో ఏం చేస్తారో ముందే అనుకుని ఉండాలి. మిగిలిన మార్ష్‌మాలన్‌ని ట్రిబ్యూట్‌గా వాడి పెద్ద మాన్‌స్టర్‌ని దించొచ్చు. ఇంకో లెవెల్ 3 దొరికితే ర్యాంక్ 3 ఎక్సీజ్ అవుతుంది. క్రాఫ్ట్ చేసేముందు ఒక మాట, ఏ కార్డుకైనా అదే రేరిటీ పాయింట్లు 30 కావాలి. ఒక మార్ష్‌మాలన్‌తో మొదలుపెట్టి, మిగతా పాయింట్లు బుక్ ఆఫ్ మూన్ మీద పెట్టండి. మార్ష్‌మాలన్ చేతికి రాని గేముల్లో కూడా అది వాడి మాన్‌స్టర్‌ని తిప్పడానికి పనికొస్తుంది, లింక్ మాన్‌స్టర్లని తప్ప.