చేపకో కట్టె... చెరువుకో కొలత!

ఎర బాగానే ఉంది. గాలం పదునుగానే ఉంది. బెండు కూడా బుడుంగున మునిగింది. తీరా లాగితే... ఖాళీ గాలం! ఇవాళ రాత బాగోలేదనుకుని ఇంటిదారి పట్టేవాళ్లే ఎక్కువ. కానీ చాలాసార్లు తప్పు రాతది కాదు, చేతిలో ఉన్న కట్టెది. ఆదివారం కూరకు నాలుగు చేపలు పడాలన్నా, డబ్బు పోసి కొన్న రాడ్డు అటక ఎక్కకుండా ఉండాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఏ చేపకు, ఏ గట్టున, ఎంత పొడవు?

రాయలసీమ అనగానే కరవే గుర్తొస్తుంది. కానీ వానలు కరుణించిన ఏడాది నల్లమల అంచున ఉన్న నంద్యాల జిల్లా ఆత్మకూరు చుట్టుపక్కల నీళ్లే నీళ్లు. ఇటు సిద్ధాపురం చెరువు, అటు తెలుగుగంగ నీళ్లు నిలిపే వెలుగోడు రిజర్వాయరు, ఇంకోవైపు సంగమేశ్వరాన్ని ముంచెత్తే శ్రీశైలం వెనుక జలాలు. తుంగ మొలిచిన చెరువు అంచు ఒక రకం, రాళ్లు పరిచిన కట్ట ఇంకో రకం, వేసవిలో వెనక్కి జరిగిపోయే నది ఒడ్డు మరో రకం. మూడింటికీ ఒకే కట్టె సరిపోదు.

కప్ప ఆడాలి... మీను లేవాలి

తుంగలో, తామరాకుల చాటున నక్కే కొర్రమీనును పట్టడం ఒక విద్య. పన్నెండు, పదిహేను అడుగుల వెదురు కట్టె. దాని కొసకు పొట్టి తంగూసు దారం. గాలానికి కప్ప. ఆకుల మధ్య ఉన్న చిన్న ఖాళీలో కప్పను దించి నీటి మీద టపటప ఆడిస్తారు. దూరం నుంచి విసిరితే దారం తుంగకు చుట్టుకుంటుంది. దగ్గరికెళ్తే అడుగుల అలికిడికి చేప జారుకుంటుంది. పొడవు కట్టె ఈ రెండు కష్టాలనూ తప్పిస్తుంది.

విచిత్రమేమిటంటే, అమెరికాలోనూ ఇదే సూత్రం! అక్కడి చెరువుల్లో క్రాపీ అనే చేప మునిగిన చెట్టుకొమ్మల మధ్య గుంపుగా ఉంటుంది. గాలానికి సీసపు గుండు కలిపి చేసిన 'జిగ్' అనే రెండు గ్రాముల ఎరను పది, పన్నెండు అడుగుల రాడ్డుతో ఆ కొమ్మల మధ్యకు నిలువునా దించి మెల్లగా ఆడిస్తారు. తేడా అంతా కొసలోనే. క్రాపీ నోరు కాగితంలా పలచన, గట్టిగా గుంజితే చిరిగిపోతుంది. అందుకే ఆ రాడ్డు కొస మెత్తగా వంగాలి. కొర్రమీను నోరు గట్టి ఎముక. పట్టిన మరుక్షణం తుంగలో దూరకుండా ఎత్తేయాలి. అందుకే దాని కట్టె బిరుసుగా ఉండాలి.

పొడవెక్కువైతే మేలేనా?

కాదు. కట్టె పొడవయ్యేకొద్దీ కొస బరువు చేతిని కిందికి లాగుతుంది. చిన్న చేప కూడా పెద్ద బరువులా అనిపిస్తుంది. గంట గడిచేసరికి మణికట్టు నొప్పి! కొనేముందు కట్టెను అడ్డంగా పట్టుకుని అయిదు నిమిషాలు నిలబడి చూడండి. చేయి వణికితే అడుగో, రెండడుగులో తగ్గించుకోవాలి. ఒకసారి ఊపి ఆపండి. కొస వెంటనే నిలిస్తే మంచి కట్టె. ఊగుతూనే ఉంటే చేప ముట్టిందో, కట్టె ఊగిందో తెలియదు.

ఏది దేనికి?

* పరిగలు, జిలేబి: 6 నుంచి 8 అడుగుల సన్నని కట్టె. పిల్లలకూ ఇదే సరి.

* రోహు, మోసు, జెల్ల: గట్టు మీద నుంచి బెండుతో పట్టడానికి 10 నుంచి 12 అడుగులు. మోసు అడుగున మేస్తుంది కాబట్టి ఎర నేలను తాకాలి. జెల్ల ముళ్లు గుచ్చుకుంటే బాధ చాలాసేపు ఉంటుంది. ఉత్త చేత్తో పట్టొద్దు.

* బొచ్చె: పెద్దది పడితే ఉత్త కట్టె ఆగదు. రీలున్న 8, 9 అడుగుల గట్టి రాడ్డు కావాలి. వేసవిలో నీళ్లు వెనక్కి పోయినప్పుడు దూరం విసరడానికీ ఇదే.

* కొర్రమీను: తుంగలో అయితే 12 అడుగులు, ఆపైన. ఖాళీ నీళ్లలో రబ్బరు కప్ప విసరడానికి 7 అడుగులు చాలు.

రాడ్ల మీద కొలత మీటర్లలో ఉంటే కంగారొద్దు. 2.1 అంటే దాదాపు 7 అడుగులు, 2.7 అంటే 9, 3.6 అంటే 12. రీలు లేని కట్టెకు దారం కట్టెంత పొడవో, అడుగు తక్కువో ఉండాలి. అప్పుడే కట్టె ఎత్తగానే చేప నేరుగా చేతికొస్తుంది.

వెదురా, ఫైబరా, కార్బనా?

లోపల గట్టిగా ఉండే సాధనపు వెదురు గాలానికి పెట్టింది పేరు. ముదిరిన సన్నని గడను నీడలో ఆరబెట్టి, వంకరలుంటే సెగ చూపి సరిచేస్తారు. దారాన్ని కొసకే కట్టి వదిలేయకుండా, కట్టె మధ్యలో ముడివేసి కొస దాకా చుట్టుకుంటూ తేవాలి. కొస విరిగినా చేప పోదు. అయితే నల్లమలలో వెదురు నరకడం నేరం. 2017లో చట్టం సవరించాక వెదురును చెట్ల జాబితాలోంచి తీసేశారు నిజమే, కానీ అది అడవి బయట పెంచిన వెదురుకే.

ఫైబర్ గ్లాస్ రాడ్డు కాస్త బరువు, కానీ మొరటుగా వాడినా ఓర్చుకుంటుంది. కొత్తవాళ్లకు అదే మేలు. కార్బన్ రాడ్డు తేలిక, చేప ముట్టిందంటే చేతికి ఇట్టే తెలుస్తుంది. కానీ రాయికి తగిలితే చిట్లుతుంది. ఒకదాంట్లో ఒకటి దూరే మడత రాడ్లు బైకు మీద తీసుకెళ్లడానికి బాగుంటాయి. ఇసుక చేరితే బిగుసుకుపోతాయి. ఇంటికి రాగానే కడిగి ఆరబెట్టాలి.

గట్టున జాగ్రత్త!

కార్బన్‌లో కరెంటు పారుతుంది. కాలువ గట్ల మీద మోటార్ల కోసం లాగిన తీగలుంటాయి. పన్నెండడుగుల కట్టె ఎత్తేముందు తల పైకెత్తి చూడాల్సిందే. తడిసిన వెదురూ ప్రమాదమే. ఉరిమితే కట్టె పక్కన పెట్టి గట్టు దిగాలి. కృష్ణ నీళ్లలో మొసళ్లుంటాయి, మోకాలి లోతుకు దిగడమూ మంచిది కాదు. పిల్లల్ని ఒంటరిగా పంపకూడదు. పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టొద్దు. చేపపిల్లలు వదిలిన చెరువైతే మత్స్య సంఘాన్నో, పాటదారునో అడగాలి. ఆ చేపలు వాళ్ల కూడు. బోదురు కప్పకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది కాబట్టి ఎరకు రబ్బరు కప్పే నయం.

చివరగా ఒక్క మాట. వానాకాలంలో నీటిపై ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా తిరుగుతుంటే, కింద కొర్రమీను కాపలా ఉన్నట్టే. ఆ సమయంలో అది తేలిగ్గా గాలానికి పడుతుంది. దాన్ని లాగేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలు. అక్కడ మాత్రం కట్టె దించాలి. ఎంత మంచి కట్టెకైనా, వచ్చే ఏడాది చెరువులో చేప ఉంటేనే కదా పని!