మీకు తెలుసా? అమ్మమ్మ కడుపులోనే మన తొలి అడుగు

మనకు ప్రాణం పోసిన అండకణం తన విభజనను మొదలుపెట్టింది అమ్మ పుట్టకముందే, అమ్మమ్మ కడుపులో!

• ఆడశిశువు గర్భంలో ఉండగానే ఆమె అండాశయాల్లో క్షయకరణ విభజన, అంటే మియోసిస్, ప్రారంభమై మొదటి దశలోనే ఆగిపోతుంది. ఆ విరామం కొన్ని కణాల్లో పన్నెండేళ్లు, మరికొన్నింటిలో నలభై ఏళ్లకు పైగా సాగుతుంది. అండం విడుదలయ్యే ముందు విభజన మళ్లీ కదిలి, రెండో దశ మధ్యలో ఇంకోసారి ఆగుతుంది. శుక్రకణం లోపలికి చేరాకే అది పూర్తవుతుంది.

• ఆ తొలి విరామానికి ముందే, అమ్మమ్మ నుంచి ఒకటి, తాతయ్య నుంచి ఒకటిగా అమ్మకు వచ్చిన జత క్రోమోజోములు పక్కపక్కన చేరి ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 46 క్రోమోజోములు చివరికి 23 అవుతాయి. తోబుట్టువుల పోలికలు ఒక్కలా ఉండకపోవడానికి ఈ కలబోత ఒక కారణం.

• పుట్టేనాటికి ఆడశిశువులో సుమారు 10 నుంచి 20 లక్షల అండకణాలుంటాయి. జీవితకాలంలో విడుదలయ్యేవి దాదాపు 400 మాత్రమే. వాటిలో ఒకటి, మనం!