మీటరు లెక్కపెట్టేది కొలెస్ట్రాల్‌ను కాదు

షుగర్ మీటరు ఇంటింటికీ వచ్చాక పుట్టిన అపోహ ఇది: వేలు గుచ్చి చుక్క రక్తం స్ట్రిప్‌కి తాకిస్తే కొలెస్ట్రాల్ కూడా అంతే సూటిగా తేలిపోతుందని. షుగర్ నీళ్లలో కరుగుతుంది, కొలెస్ట్రాల్ కరగదు. రక్తంలో అది లైపోప్రొటీన్ల మూటల్లో తిరుగుతుంది, అందులోనూ మూడింట రెండు వంతులు కొవ్వు ఆమ్లాలతో ముడిపడి ఉంటుంది. కాబట్టి ముందు సబ్బులాంటి రసాయనం మూట విప్పాలి, ఎస్టరేజ్ అనే ఎంజైము ఆ ముడి విడదీయాలి, ఆపైన ఆక్సిడేజ్ దాన్ని ఆక్సీకరించాలి. అప్పుడు పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్, ప్లాటినం ఎలక్ట్రోడు మీద సుమారు 0.6 వోల్టుల దగ్గర, అణువుకు రెండు చొప్పున ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఎలక్ట్రోడు రకం మీటరు చూసేది ఆ కరెంటునే.

రంగు చూసి చెప్పే పాత పద్ధతి కన్నా కరెంటు లెక్క నికార్సైనదన్నది రెండో నమ్మకం. ఆ వోల్టేజి దగ్గర ఎలక్ట్రాన్లు వదిలేది పెరాక్సైడ్ ఒక్కటే కాదు. విటమిన్ సి, పారాసెటమాల్, అందరి రక్తంలోనూ ఉండే యూరిక్ యాసిడ్ కూడా వదులుతాయి. ఎవరు వదిలారో ఎలక్ట్రోడుకు తెలియదు, అంకె పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, రంగు పద్ధతిలో అదే విటమిన్ సి మోతాదు మించితే రంగు పుట్టించాల్సిన పెరాక్సైడ్‌ను మింగేసి అంకెను తగ్గిస్తుంది. తప్పు రెండు చోట్లా ఉంది, దిక్కే వేరు. శాస్త్రవేత్తలు దీన్ని ఎప్పుడో సరిదిద్దారు కదా అనవచ్చు. నిజమే, ఎలక్ట్రోడుకు ప్రష్యన్ బ్లూ పూత వేస్తే సున్నా వోల్టుల దగ్గరే పని జరిగిపోతుంది, ఈ చొరబాటుదారులు చాలావరకు నోరు మెదపరు. కానీ ఎంజైము ప్రొటీనే. మూత సరిగా పెట్టని స్ట్రిప్ డబ్బాలో వేడికీ తేమకూ అది నీరసిస్తే ఏ పూతా ఆదుకోదు.

అలాగని ఇంటి మీటరు దండగేమీ కాదు, ఎక్కువ తక్కువల అందాజుకు పనికొస్తుంది. మొత్తం కొలెస్ట్రాల్ డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితే జబ్బు, దాటకపోతే క్షేమం అనుకోవడంతోనే చిక్కు. మొత్తం కొలెస్ట్రాల్ కొలతలో దాదాపు 9 శాతం దాకా తేడాను అమెరికా మార్గదర్శకాలే ఒప్పుకున్నాయి. 195కీ 205కీ మధ్య గీత గీయలేం. పైగా డాక్టరు ఎక్కువగా చూసేది చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్‌ను. 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం ప్రకారం మొత్తంలోంచి మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తే అది వస్తుంది. మొత్తం 200, హెచ్‌డీఎల్ 50, ట్రైగ్లిజరైడ్లు 150 అయితే ఎల్‌డీఎల్ 120. మీటరు మొత్తాన్ని 9 శాతం తగ్గించి 182 చూపిందంటే ఎల్‌డీఎల్ 102కి దిగుతుంది. స్ట్రిప్ మీది 9 శాతం తప్పు, రిపోర్టులోకి వచ్చేసరికి 15 శాతం అయింది.