మీకు తెలుసా? గిగాహెర్ట్జ్ తగ్గినా ఆటలో గెలిచిన చిప్

గేమింగ్ కంప్యూటర్ కొనేవాళ్లు ముందుగా అడిగేది ‘ఎన్ని కోర్లు, ఎన్ని గిగాహెర్ట్జ్?’ అనే. విమానం నడిపే సిమ్యులేటర్ల దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది.

2022 ఏప్రిల్‌లో ఏఎండీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ సంగతే చూడండి. దీని గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్, అంతకుముందు వచ్చిన 5800ఎక్స్‌ది 4.7. కోర్లు రెండింటికీ ఎనిమిదే. అయినా చాలా ఆటల్లో, ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో, వేగం తక్కువున్న చిప్పే ముందుంది. కిటుకంతా చిప్‌లోనే ఉండే ఎల్3 క్యాష్ అనే మెమరీలో ఉంది. పాతదానికి 32 ఎంబీ ఉంటే, దీనికి పైన మరో 64 ఎంబీ పొర అతికించి 96 చేశారు. కావలసిన డేటా పోపుల డబ్బాలా చేతికందేంత దగ్గర్లో ఉంటే, ప్రతిసారీ ర్యామ్ దాకా వెళ్లి రావలసిన పని తప్పుతుంది.

ఈ సిమ్యులేటర్‌లో పెద్ద విమానాశ్రయంలో దిగేటప్పుడు భారం ఎక్కువగా ఒకే కోర్‌పై నడిచే ఒక్క ప్రధాన థ్రెడ్ మీదే పడుతుంది. కోర్లు పదహారున్నా అప్పుడు పెద్దగా ఒరిగేదేమీ లేదు. డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ మీటర్ పెట్టుకుంటే ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అని అదే చెబుతుంది. అక్కడ ‘జీపీయూ’ అని కనబడితే కొత్త ప్రాసెసర్‌కు డబ్బు పోయడం దండగే. చూసుకోవలసింది గ్రాఫిక్స్ కార్డును. 4కే తెరపై తరచూ జరిగేది ఇదే.

5800ఎక్స్3డీలో పైనున్న క్యాష్ పొర కోర్ల వేడిని త్వరగా బయటికి పోనివ్వదన్న చిక్కు ఒకటుండేది. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డీలో ఆ పొరను కోర్ల కిందికి మార్చారు. గరిష్ఠ వేగం 5.2 గిగాహెర్ట్జ్‌కు చేరింది, ఓవర్‌క్లాకింగ్‌కూ తాళం తీశారు.