చిల్లగింజ

కృతజ్ఞత యన్నంతనే మన దృష్టి మహోపకారముల వైపునకే పోవును. ప్రాణము నిలిపిన వైద్యుని, విద్య గఱపిన గురువును, ఆపదలో నాదుకొనిన బంధువును దలంతుము. అది యుచితమే. కాని యే ప్రతిఫలమును గోరక మనకు మేలొనర్చిన చిన్నవస్తువులు తలపునకు రావు. తల రుద్దుకొను కుంకుడుకాయ, అన్నము వడ్డించు మోదుగాకు, బంగారమును తూచిన గురువిందగింజ యిట్టివి. వీనియందు చిల్లగింజ వృత్తాంతము ప్రత్యేకముగ నెఱుగదగినది.

చిల్లచెట్టును ఇండుపచెట్టనియు నందురు. సంస్కృతమున దానికి కతకమని పేరు. తూర్పుకనుమల మెట్టయడవులలో నిది పెరుగును. పండినప్పుడు కాయ నల్లబడును. లోపల సాధారణముగ నొకటే గింజ. అది బొత్తామువలె గుండ్రనై, పట్టువంటి సన్నని నూగుతో మెఱయును. ప్రాణాంతకమగు ముషిణిగింజకు నిది దగ్గఱి జ్ఞాతియే. కాని యా విషము దీనియందు లేదు.

వఱదకాలమున గోదావరీ కృష్ణల నీరు ఎఱ్ఱని మన్నుతో గలిసి వచ్చును. కుళాయిలు లేని దినములలో ఆ నీటినే కడవలతో దెచ్చుకొనవలసియుండెను. ఇల్లాలు చిల్లగింజను సానపై నరగదీసి యా గంధమును నీటిలో గలుపును. లేదా కుండ లోపలివైపున గింజను రుద్ది, పిమ్మట నీరు పోయును. కొంతసేపటికి మన్ను అడుగంటి పైనీరు తేటపడును. సామర్లకోటలో వసించి మన వృక్షజాతులను బరిశీలించిన విలియం రాక్స్‌బర్గు, 1795లో వెలువడ నారంభించిన తన కోరమాండలు తీరపు వృక్షముల గ్రంథమున నీ చెట్టును వర్ణించెను. దీని శాస్త్రీయనామములోని ‘పొటాటోరం’ అను లాటిను పదమునకు ‘త్రాగువారిది’ యని యర్థము.

ఇందు మంత్రమేమియు లేదు. బురదనీటిలోని మృత్కణములు మిగుల సూక్ష్మములు. అవి ఋణవిద్యుత్తు గలిగి యొకదానినొకటి తొలగద్రోసికొనుచుండుటచే త్వరగా నడుగునకు దిగవు. గింజలోని మాంసకృత్తులును బంకపదార్థములును వానిని గూర్చి ముద్దలుగా జేయును. ఆ ముద్దలు తమ బరువుననే క్రుంగును.

మన పూర్వులు ఈ గింజను వంటయింటితో విడిచిపెట్టలేదు. కతకఫలము నీటిని దేర్చునదే యైనను, దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేఱదని మనుస్మృతి ఆఱవ యధ్యాయము హెచ్చరించినది. శంకరాచార్యులదిగా బ్రసిద్ధమైన ఆత్మబోధ, నీటిని దేర్చి తానును అడగిపోవు కతకరేణువును జ్ఞానమునకు నుపమానముగ జెప్పినది. ఈ రెండు మాటలును కృతజ్ఞతకును వర్తించును. ప్రకృతిమాతకు వందనమని సభలయందు బలుకుట పేరు పలుకుట వంటిది. గింజను చేతబట్టి యరగదీయుటయే కార్యము.

ఆ కార్యములో నింకొక శిక్షణ యున్నది. గంధము గలిపిన పిమ్మట మనుష్యుడు చేయవలసినది యూరకుండుటయే. తొందరపడి కుండను గదల్చెనా, క్రుంగిన మన్ను మరల లేచును. నిలుకడమీద నిజము తేలునను మన సామెతకు నీటికుండకంటె మంచి సాక్ష్యము లేదు. కలతపడిన మనస్సునకును గావలసినది తఱచుగ నింతే: ఒక చిన్నపనియందు శ్రద్ధ, ఆపై గొంత యోరిమి.

ఇచట నొక జాగ్రత్త చెప్పవలసియున్నది. తేటనీరెల్ల నిర్దోషమైన నీరు కాదు. చిల్లగింజ మన్నును దించును గాని రోగక్రిములన్నిటిని రూపుమాపజాలదు. త్రాగుటకు ముందు కాచుట యావశ్యకము. కావున శుద్ధియంత్రములను బాఱవైచి సానరాతిని దెమ్మని మనము వాదింపము. మేలు చేసినదానికి లేని మహిమ లంటగట్టుట కృతజ్ఞత కాదు. దానిని ఉన్నదున్నట్లెఱుగుటయే కృతజ్ఞత.

మన భయము వేఱొకటి. పట్టణపు బాలునికి నీరనగా ప్లాస్టిక్కు సీసాయే తెలియును. చెట్టు పేరెఱుగనివాడు చెట్టు నఱకబడినప్పుడు చింతింపడు. వాని కన్నులకు చిల్లచెట్టు వంటచెఱకు మాత్రమే. పరిచయము పోయినచోట మమత పోవును. మమత పోయినచోట గొడ్డలికి అడ్డులేదు.

కావున ఉపాధ్యాయులకును దల్లిదండ్రులకును మా మనవి యొక్కటి. ఈ వానకాలమున నొక గాజుపాత్రలో బురదనీరు నింపి, పిల్లవానిచేత నొక చిల్లగింజను అరగదీయించి, యందు గలిపించుడు. ఆ నీటిని ద్రాగింపవలదు, చూపిన జాలును. మన్ను మెల్లమెల్లగ దిగుటను వాడు కన్నార గాంచునుగాక. మిగిలిన గింజలలో నొకదానిని పాఠశాల ప్రక్కన నాటించుడు.